పాప బారసాలకు చేత్తో అల్లిన క్రోషే దుప్పటి: 6,500 అడుగుతున్నారు, సబబేనా?

పాప పిన్ని, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. మా అక్కకు ఈమధ్యే రాజమండ్రిలో పాప పుట్టింది. మావాళ్ళలో మూడో నెలలో బారసాల చేసి ఉయ్యాల్లో వేస్తారు కాబట్టి ఇంకా రెండు నెలలపైన టైముంది. పిన్నిగా నా తరఫున చేత్తో అల్లిన దుప్పటి, దానికి జతగా ఒక చిన్న ఏనుగు బొమ్మ ఇవ్వాలని ఉంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకావిడ పని చూశాను. అంచులు, మూలలు అన్నీ చాలా నీటుగా ఉన్నాయి. నెట్‌లో దొరికిన ఒక ఫొటో పంపి "ఇలాంటిదే కావాలండి, ఎంతవుతుంది?" అని అడిగాను. ఆవిడ వెంటనే ధర చెప్పలేదు. సైజు ఎంత, కాటనా ఊలా, పాప ఏ ఊళ్ళో ఉంటుంది, ఇంట్లో ఉతుకుతారా మిషన్‌లో వేస్తారా, ఎప్పటికి చేతికి అందాలి అని ఒకదాని వెనక ఒకటి అడిగారు. చివరికి దుప్పటికి 6,500, బొమ్మకు 1,400 చెప్పి, సగం అడ్వాన్స్ పంపితే దారం తెప్పిస్తానన్నారు.

మా అత్తగారు "బజార్లో ఇలాంటివి ఎనిమిది వందలకు వేలాడదీసి అమ్ముతున్నారు కదమ్మా" అంటున్నారు. ఆవిడ తప్పుగా అనలేదు, నేనూ చూశాను. కానీ ఈ ధర ఎలా వచ్చిందో తెలిస్తే మనసుకు కాస్త స్థిమితంగా ఉంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి అంత అడ్వాన్స్ పంపాలంటే కొంచెం టెన్షన్‌గానూ ఉంది. పైగా చేతికొచ్చాక నచ్చకపోతే ఏం చేయాలి?

ఇంకో సంగతి. మా అమ్మ దగ్గర నర్సాపురం లేసు టేబుల్ క్లాత్ ఉంది, తన పెళ్ళికి వచ్చింది. ఒక మూల చిరిగి నాలుగైదు పువ్వులు ఊడిపోయాయి. దాన్ని ఈవిడ చేతే బాగు చేయించవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

దారం ఉండ, కాకినాడ:

పాప పిన్నిగారూ, ముందు మీ అక్కగారికి, పాపకు శుభాకాంక్షలు. నేను ఆర్డర్ల మీద క్రోషే, అంటే కొక్కెం సూదితో చేసే అల్లిక, అల్లుతాను. అందుకే మీ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే రాస్తున్నాను.

ఆవిడ అన్ని ప్రశ్నలు అడిగారంటే మీరు మంచి మనిషి దగ్గరికే వెళ్ళారు. ఫొటో చూసిన మరుక్షణం "రెండు వేలు, వారంలో ఇచ్చేస్తాను" అనేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఫొటోలో రంగు, డిజైను కనిపిస్తాయి గానీ దారం లావెంతో, దుప్పటి బరువెంతో, ఉతికితే ఏమవుతుందో కనిపించవు.

ఇక ధర. ఉయ్యాల దుప్పటి మామూలుగా 75 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు వేస్తాం. పసిపిల్లలకు వాడే నాలుగు పోగుల దారంతో, నా చేతికి, పది సెంటీమీటర్లలో 18 కుట్లు పడతాయి. అంటే ఒక్క వరుసకు 135 కుట్లు. డబుల్ క్రోషే అనే పొడవాటి కుట్టులో పది సెంటీమీటర్లకు సుమారు తొమ్మిది వరుసలు వస్తాయనుకుంటే మొత్తం 81 వరుసలు. గుణిస్తే దాదాపు పదకొండు వేల కుట్లు, అంచు కాకుండా. ప్రతి కుట్టుకూ సూదిని లోపలికి దూర్చి, దారం లాగి, రెండుసార్లు ముడి దాటించాలి. పదకొండు వేలూ ఒక్క చేతి మీదే నడవాలి.

నేనైతే లెక్క ఇలా కడతాను. 50 గ్రాముల ఉండలు తొమ్మిది పడతాయి, చేతిలో ఒకటి అదనంగా ఉండాలి. ఉండ 110 చొప్పున పదింటికి 1,100. పని 35 గంటలు అనుకుందాం. గంటకు 130 వేసుకున్నా 4,550 అవుతుంది. శాంపిల్ ముక్క అల్లడం, చివర్లో తడిపి సైజుకు ఆరబెట్టడం, ప్యాకింగ్, కొరియర్ కలిపి ఎనిమిది వందల చిల్లర. అంతా కూడితే 6,500 దగ్గరికి వచ్చేస్తుంది. ఏనుగు బొమ్మ ఎనిమిది, తొమ్మిది గంటల పని. దారం, లోపల కూరే ఫైబర్ కలిపితే 1,400 న్యాయమే. పట్టు జాకెట్టుకు మగ్గం వర్క్ చేయిస్తే ఇంతకు మించి ఇస్తాం కదా, ఇదీ అలాంటి చేతిపనే.

మీ అత్తగారి మాటకు జవాబు ఏమిటంటే, బజార్లో ఎనిమిది వందలకు వేలాడేవి చాలావరకు మిషన్ మీద చేసినవే. చూడ్డానికి క్రోషే లాగే ఉంటాయి, కానీ అవి వేరే రకం అల్లిక. చేత్తో కొక్కెం సూదిపట్టి అల్లే క్రోషేని ఉన్నదున్నట్టు దింపే మిషన్ ఇంతవరకూ మార్కెట్లో లేదు. అందుకే ఎవరైనా నిజంగా చేత్తో అల్లిన దుప్పటి ఎనిమిది వందలకు అమ్ముతుంటే, దారం ఖర్చు పోగా ఆ అల్లిన మనిషికి గంటకు ఎంత ముట్టిందో మీరే లెక్కేయండి. ఆవిడను బేరమాడొద్దని గట్టిగా చెబుతున్నాను. బడ్జెట్ తక్కువైతే "నా దగ్గర 5,000 ఉంది, అందులో ఏం వస్తుంది?" అని అడగండి. సైజు తగ్గించో, డిజైన్ తేలిక చేసో ఆవిడే దారి చెబుతారు. అదే పనిని తక్కువకు చేయమనడం వేరు, తక్కువ పని చేయమనడం వేరు.

శాంపిల్ ముక్క సంగతి మాత్రం మీరు తప్పకుండా అడగాలి. ఆవిడ ఎంచుకున్న దారంతో, సూదితో ఒక చదరం అల్లి, తడిపి ఆరబెట్టి, పక్కన స్కేలు పెట్టి ఫొటో పంపమనండి. ఎందుకంటే చేతి బిగువు మనిషి మనిషికీ మారుతుంది. నాకు పది సెంటీమీటర్లలో 18 కుట్లు పడితే, బిగువుగా అల్లేవాళ్ళకు అదే దారంతో 20 పడతాయి. అప్పుడు అవే 135 కుట్లు 75 సెంటీమీటర్లు రావు, 67 దగ్గరే ఆగిపోతాయి. ఉయ్యాల వెడల్పుకు సరిపోదు. సగం అల్లాక అది తెలిస్తే విప్పడం తప్ప వేరే దారి లేదు. చదరం ముందే చూస్తే సూది అర సైజు పెంచితే సరిపోతుంది.

దారం విషయంలో నా సలహా కాటన్. రాజమండ్రి ఎండలకు ఊలు పనికిరాదు, పసి ఒంటికి గుచ్చుకోవచ్చు కూడా. అక్రిలిక్ చవక, రంగులు బాగుంటాయి, మిషన్‌లోనూ తట్టుకుంటుంది. కానీ చెమట పీల్చదు, ఇస్త్రీ పెట్టె వేడి తగిలితే అణగారిపోయి మళ్ళీ లేవదు. మిల్క్ కాటన్ అని అమ్మేది చాలావరకు కాటన్, అక్రిలిక్ కలిపిన మెత్తటి దారం. చాలామంది ఆర్టిస్టులు పిల్లల వస్తువులకు దాన్నే వాడతారు. ఆవిడ మిల్క్ కాటన్ అంటే లేబుల్ ఫొటో పంపమనండి, ఏమేం కలిసాయో దాని మీద ఉంటుంది. అదే లేబుల్ మీద లాట్ నంబరు (ఒకేసారి రంగు అద్దిన దారాలకు వేసే నంబరు) కూడా చూడండి. ఒకే రంగు నంబరైనా వేరే లాట్‌లో అద్దకం కొద్దిగా మారుతుంది. ఉండగా ఉన్నప్పుడు కంటికి ఆనదు. అల్లి పరిచాక మాత్రం సరిగ్గా నడిమధ్య ఒక గీతలా తేలుతుంది. అడ్వాన్స్ తీసుకునే ముఖ్య కారణం ఇదే, మొత్తం దారం ఒకే లాట్‌లో ఒకేసారి కొనాలి.

మీరు ఏ రంగులు అనుకుంటున్నారో రాయలేదు. బారసాల అంటే ఎరుపు, పసుపు అడిగేవాళ్ళు ఎక్కువ. ఎరుపు పక్కన తెలుపు వేయిస్తుంటే ఎర్ర దారం ముక్క ఒకటి తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడమనండి. రంగు దిగితే మొదటి ఉతుకులోనే తెలుపంతా గులాబీ అయిపోతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. పసిపిల్లల దుప్పటికి పెద్ద పెద్ద కన్నాలున్న డిజైన్ వద్దు. మీరు పంపిన ఫొటో నేను చూడలేదు గానీ నెట్‌లో అందంగా కనిపించేవి చాలావరకు జాలీ అల్లికలే. చిట్టి వేళ్ళు ఆ కన్నాల్లో ఇరుక్కుంటాయి. దగ్గరగా పడే అల్లిక అడగండి. వెనకవైపు దారం కొసలు పూర్తిగా అల్లికలోకి దూర్చి కత్తిరించమనండి. వేలాడే పోగు వేలికో, కాలి బొటనవేలికో చుట్టుకుంటే పాప ఎందుకు ఏడుస్తోందో కూడా ఎవరికీ అర్థం కాదు. బొమ్మకు ప్లాస్టిక్ కళ్ళు, పూసలు, గుండీలు ఏవీ వద్దు, కళ్ళు దారంతో కుట్టాలి. తొండం, చెవులు విడిగా అతికిస్తారు కాబట్టి చేతికి రాగానే మీరే గట్టిగా లాగి చూడండి, మొహమాటపడకండి.

ఏడాదిలోపు పిల్లలు పడుకున్నప్పుడు ఉయ్యాల్లో వదులు దుప్పట్లు, మెత్తటి బొమ్మలు ఉంచొద్దని పిల్లల డాక్టర్లు చెబుతారు. బారసాల రోజు అందరూ చుట్టూ ఉంటారు, పరిచి పాపను పడుకోబెట్టి ఫొటోలు తీసుకోండి. తర్వాత కింద పరుచుకుని బోర్లా పడటం నేర్చుకోవడానికి వాడితే దుప్పటికీ అందం, పాపకూ క్షేమం. మీ అక్కగారికి ఈ మాట మీరే చెప్పండి.

అడ్వాన్స్ గురించి భయం అర్థమవుతుంది. సగం అడగడం మా దగ్గర మామూలే. పంపేముందు వాట్సాప్‌లోనే అయినా అన్నీ ఒకే మెసేజ్‌లో రాసుకోండి. సైజు, దారం, రంగుల నంబర్లు, మొత్తం ధర, అందులో కొరియర్ ఉందా లేదా, ఏ తేదీకి అందాలి, మధ్యలో ఎప్పుడు ఫొటో పంపుతారు. పావు వంతు అయ్యాక ఒక ఫొటో చూడడం మీ ఇద్దరికీ మంచిది. అప్పుడైతే రంగు మార్చమన్నా విప్పడానికి వీలుంటుంది. మొత్తం అయ్యాక "ఈ నీలం బదులు ఆ నీలం" అంటే అది కొత్త ఆర్డరే. నచ్చకపోతే ఏం చేయాలని అడిగారు. సైజు తేడా వచ్చినా, అల్లిక ఊడినా అది ఆవిడ బాధ్యత, సరిచేసి ఇవ్వాలి. మీరు ఒప్పుకున్న రంగే వచ్చాక మనసు మారితే ఆవిడను అడగడం ధర్మం కాదు.

మొగల్తూరు ఆడపడుచు:

దారం ఉండగారు దుప్పటి సంగతి పూర్తిగా చెప్పేశారు. నేను టేబుల్ క్లాత్ గురించి చెబుతాను, అది మా ఇంటి విద్య.

పాప పిన్నిగారూ, దుప్పటి అల్లే ఆవిడకు ఆ క్లాత్ ఇవ్వకండి. ఆవిడ పనితనం తక్కువని కాదు, ఈ పని వేరు. మా వైపు లేసు సన్నటి నూలు దారంతో, సన్నటి స్టీలు సూదితో అల్లుతారు. దుప్పట్ల దారానికి అలవాటుపడిన చేతికి ఆ బిగువు పట్టుబడటానికి చాలా కాలం పడుతుంది.

నర్సాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపక్కల పల్లెల్లో లేసు పత్తొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటింటికీ పాకింది. మధ్యాహ్నం వంట పనయ్యాక అరుగు మీద నలుగురు కూర్చుని అల్లుకోవడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. ఒక టేబుల్ క్లాత్ మొత్తం ఒకే మనిషి అల్లడం అరుదు. పువ్వులు, బిళ్ళలు అల్లేది ఒకరు, దాన్ని చేతిపని అంటాం. వాటన్నిటినీ లెక్కప్రకారం కలిపి ఒక క్లాత్‌గా చేసేది ఇంకొకరు, అది అతుకుపని. మీ అమ్మగారి క్లాత్‌లో చిరిగింది బహుశా అతుకు దగ్గరే. పువ్వు చెక్కుచెదరకుండా ఊడి ఉంటే పని చాలా తేలిక, ఆ పువ్వునే మళ్ళీ అతికిస్తారు. కాబట్టి ఊడిపోయిన పువ్వులు పారేయకుండా ఒక కవర్లో పెట్టి ఉంచండి. పువ్వే చిరిగితే దానికి జోడీ కొత్తది అల్లాలి. కొత్త దారం తెల్లగా మెరుస్తుంది, పాతది మీగడ రంగుకు తిరిగి ఉంటుంది. ఆ తేడా పూర్తిగా పోదు, అది ముందే తెలుసుకుని చేయించుకోండి.

బాగుచేయడానికి ఇచ్చేముందు ఉతకొద్దు. తెగిన చోటునుంచి నీళ్ళలో ఇంకా విప్పుకుంటూ పోతుంది. చిరిగిన మూల చుట్టూ వేరే రంగు దారంతో వదులుగా టాకాలు వేసి ఉంచండి, అల్లేవాళ్ళు తర్వాత వాటిని తీసేస్తారు. క్లాత్‌ను నల్లటి గుడ్డ మీద పరిచి, పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరనుంచి ఫొటో తీయండి. అది చూస్తేనే దారం ఎంత సన్నమో, పువ్వుకు ఎన్ని రేకులో, రేకుకు ఎన్ని కుట్లో లెక్కపెట్టగలుగుతారు.

నర్సాపురం దగ్గర సీతారామపురంలో లేసు ట్రేడ్ సెంటర్ ఉంది. రాజమండ్రి వెళ్ళినప్పుడు ఒక రోజు చూసుకుని అటు వెళ్తే బాగుచేసేవాళ్ళను అక్కడే కనుక్కోవచ్చు. మా లేసుకు 2024లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని ఇచ్చే అధికారిక గుర్తింపు) కూడా వచ్చింది. ఆ మాట విన్నప్పుడు మా ఇంట్లో అందరం చాలా సంతోషించాం.

బేరం గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మా ప్రాంతానికి వచ్చి లేసు అల్లేవాళ్ళ బతుకు మీద పరిశోధన చేశారు, 1982లో అది పుస్తకంగా వచ్చింది. లేసు విదేశాలకు ఎగుమతి అవుతున్నా, అల్లేవాళ్ళను పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదని, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ళ కాలక్షేపం అనుకోవడం వల్లే కూలి అంత తక్కువగా ఉండిపోయిందని ఆవిడ చూపించారు. మా అమ్మమ్మల కాలం మాట అది. "ఇంట్లో కూర్చుని అల్లేదే కదా" అనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. మీ ఆర్టిస్టు గంటకు ఇంత అని లెక్కకట్టి అడుగుతున్నారంటే నాకు ఆవిడ మీద గౌరవం కలుగుతోంది.

విశాఖ వాసి:

నేను అల్లేవాణ్ణి కాదు, కొన్నవాణ్ణి. మా ఆవిడకు కాటన్ క్రోషే టాప్ ఒకటి చేయించాను. అల్లినావిడ ప్యాకెట్‌లో చీటీ రాసి పెట్టారు, పిండొద్దు, తీగ మీద వేయొద్దు, తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టమని. లాండ్రీవాళ్ళు హ్యాంగర్‌కు తగిలించి ఆరేశారు. తడి కాటన్ బరువుకు టాప్ కిందికి సాగి ట్యూనిక్ అంత పొడవైంది. అల్లినావిడకే చూపిస్తే మళ్ళీ తడిపి, బోర్డు మీద పిన్నులు పెట్టి చాలావరకు వెనక్కి తెచ్చారు, డబ్బులు కూడా తీసుకోలేదు.

పాప పిన్నిగారూ, ఆ చీటీ మీరూ అడిగి రాయించుకోండి. వీలైతే తెలుగులో రాయించండి, బట్టలు ఉతికేది మీ అక్కగారే కాకపోవచ్చు. మరో సంగతి, బారసాల తేదీని ఆర్టిస్టుకు ఉన్నదున్నట్టు చెప్పకుండా పది రోజులు ముందు తేదీ చెప్పమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. అలా వద్దు. అసలు తేదీ చెప్పి, దానికి పది రోజుల ముందే కావాలని అడగండి. పండగ సీజన్ అయితే కొరియర్ ఆలస్యమవుతుంది.

పాప పిన్ని:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ వేల వేల ధన్యవాదాలు. పదకొండు వేల కుట్ల లెక్క మా అత్తగారికి చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే బొమ్మ డబ్బులు నేనిస్తాను, అది నా తరఫున" అన్నారు. చాలా సంతోషంగా ఉంది.

మొగల్తూరు ఆడపడుచుగారూ, ఊడిన పువ్వులు అమ్మ ఒక డబ్బాలో దాచిందట! మూడు బాగానే ఉన్నాయి, ఒకటి చిరిగింది. రాజమండ్రి వెళ్ళినప్పుడు తప్పకుండా నర్సాపురం వెళ్తాం. మీగడ రంగు తేడా ఉన్నా పర్వాలేదంటోంది అమ్మ.

దారం ఉండగారూ, ఆవిడకు ఈ మెసేజ్ పెడదామనుకుంటున్నాను, ఒక్కసారి చూసి చెప్పండి:

"నమస్తే అండి. దుప్పటి 75 x 90 సెంటీమీటర్లు, మెత్తటి కాటన్, లేత పసుపు మీద తెల్ల అంచు. కన్నాలు లేని దగ్గరి అల్లిక. ఏనుగు బొమ్మ బూడిద రంగు, కళ్ళు దారంతో. మొత్తం 7,900, సగం ఇప్పుడు పంపుతాను. మొదలుపెట్టేముందు శాంపిల్ చదరం ఫొటో, పావు వంతు అయ్యాక ఇంకో ఫొటో పంపండి. బారసాలకు పది రోజుల ముందే అందాలి. ఉతికే పద్ధతి తెలుగులో రాసి పెట్టండి."

పాప పేరు కూడా మూలలో అల్లించాలని ఉంది. కానీ పేరు ఆ రోజే కదా పెట్టేది, బయటికి చెప్పరు. ఏం చేయాలి?

దారం ఉండ, కాకినాడ:

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి.

మెసేజ్ బాగుంది. కొన్ని చేర్చండి. 75 x 90 అన్నది అంచుతో కలిపా, అంచు కాకుండానా? నేను చెప్పిన లెక్క అంచు లేకుండా. మీ ఉయ్యాల లోపలి కొలత ఒకసారి టేపుతో చూసి రాయండి, ఇళ్ళలో పాత చెక్క ఉయ్యాలలు ఒక్కోటి ఒక్కో సైజు. "మెత్తటి కాటన్" అని ఊరుకోకుండా ఆవిడ చెప్పిన దారం పేరు, రంగు నంబరు రాయండి. బొమ్మ ఎత్తు రాయలేదు, ఎనిమిది అంగుళాలు అని పెట్టండి, అంతకన్నా పెద్దదైతే పాప పట్టుకోలేదు. కొరియర్ ఈ 7,900లోనే ఉందా అని కూడా అడగండి. "పది రోజుల ముందు" అన్నచోట తేదీ వేయండి, ఆవిడకు మీ ముహూర్తం తెలియదు.

నెట్ ఫొటోలో ఉన్న డిజైనే కావాలనుకుంటే, అది ఎవరిదో చూడండి. చాలామంది తమ డిజైన్ల ప్యాటర్న్‌లు (ఎలా అల్లాలో రాసిన వివరాలు) అమ్ముతారు. అదొకటి మీరు కొని పంపితే ఆవిడ దాన్ని చూసి అల్లగలరు. లేకపోతే ఆ రంగులు, ఆ తీరు మాత్రం ఉంచి ఆవిడ సొంత డిజైన్ వేయమనండి.

పేరు విషయంలో మేం ఇలా చేస్తాం. దుప్పటి ముందే పంపేస్తాం, కుడివైపు కింది మూలలో పేరుకు సరిపడా చోటు సాదాగా వదిలేస్తాం. అదే లాట్ దారం ఒక చిన్న ఉండ, మొద్దు మొన ఉన్న సూది ప్యాకెట్‌లో పెడతాం. బారసాల అయ్యాక పేరు తెలుస్తుంది కదా, క్రాస్ స్టిచ్‌లో ఎవరైనా కుట్టేయొచ్చు. క్రోషే కుట్లే గళ్ళలా ఉంటాయి కాబట్టి అక్షరాలు వాటి మీద సులువుగా కూర్చుంటాయి. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి గళ్ళ కాగితం మీద ముందు గీసుకోవాలి, ఒక్కో అక్షరానికి కనీసం పన్నెండు గళ్ళ ఎత్తు ఉంటేనే తలకట్టు, దీర్ఘం విడివిడిగా తెలుస్తాయి. పేరు పెద్దదైతే మొదటి అక్షరం ఒక్కటే వేయండి. పాప పేరు పెట్టాక ఇక్కడ రాస్తే గళ్ళ కాగితం మీద గీసి పంపుతాను.